రెండుసార్లు మోగిన ఫోను

కోడల్ని అందరూ ముఖం చూసి తెచ్చుకుంటారు. నేను చేతులు చూసి తెచ్చుకున్నాను. అప్పటికి ఆ పిల్ల చొక్కాలు కుట్టే కంపెనీలో గుండీలకు కాజాలు కుట్టేది. కాజా అంటే ఏముంది, గుడ్డలో చిన్న చీలిక, చుట్టూ దారం. కానీ ఆమె కుట్టిన కాజాలో దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముడి పడిందో కళ్ళజోడు పెట్టుకుని వెతికినా నాకు దొరకలేదు. మా అబ్బాయి లారీ నడుపుతాడు. నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు, వచ్చి పడుకుంటాడు. నిద్రపోయేవాడికి ఏ ముఖమైతేనేం?

ఆ పిల్లకు నోరు లేదు. పోనీలే, నాకున్న నోరు ఇంటిల్లిపాదికీ సరిపోతుంది అనుకున్నాను. సరిపోవడం కాదు, మిగిలిపోయింది. ఆ మిగిలినదాని సంగతే ఇప్పుడు చెప్పేది.

చొక్కాల కంపెనీ మూతపడ్డాక మా కోడలు మా వీధి చివర మేడ మీద ఆసుపత్రిలో చేరింది. జ్వరాలకు, దగ్గులకు చూసే ఆసుపత్రి కాదు. చర్మానికీ, జుట్టుకీ. మొదట గదులు తుడిచే పనికే పెట్టుకున్నారు. ఒకరోజు అక్కడి నర్సు వేలిలో గాజు పెంకు విరిగి కనపడకుండా దిగబడిపోతే, మా కోడలు సూది తీసుకుని రక్తం చుక్క కారకుండా లాగేసిందట. డాక్టరుగారు చూశాడు. మర్నాటి నుంచి చీపురు ఇంకొకరికిచ్చి, ఈమెను పెద్ద భూతద్దం ముందు కూర్చోబెట్టాడు. పదకొండేళ్ళు అక్కడే కూర్చుంది. అందరూ ‘అద్దాలక్క’ అనేవాళ్ళు.

ఆ పని గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బట్టతల వాళ్ళకు తల వెనకాల జుట్టు మిగిలి ఉంటుంది కదా, అక్కడి నుంచి ఒక్కొక్క వెంట్రుకనూ కుదురుతో సహా సన్నటి పనిముట్టుతో తీస్తారు. నారుమడిలోంచి నారు తీసినట్టే. తీసిన కుదుళ్ళను చల్లటి సెలైన్ నీళ్ళున్న గాజు పళ్ళెంలో వేస్తారు. మా కోడలు వాటిని అద్దం కింద పెట్టి, చుట్టూ ఉన్న కొవ్వు గీకి, ఒకటొకటిగా లెక్కపెట్టి డాక్టరుకు అందిస్తుంది. ఆయన ముందువైపు గాట్లు పెట్టి నాటుతాడు. కుదురు నీళ్ళలో ఉన్నంతసేపు బతికి ఉంటుంది. గాలికి ఆరిందా, నిమిషాల్లో పోతుంది. పోయినా చూడటానికి బతికున్నట్టే ఉంటుంది. అదీ దాంతో వచ్చిన చావు. ఇంకో సంగతి, వెనకాల తీసినచోట మళ్ళీ మొలవదు. ఎన్ని ఉన్నాయో అన్నే.

సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగుతూ అక్కడికొచ్చే వాళ్ళ గురించి చెప్పేది. పేర్లు చెప్పేది కాదు, జబ్బులు చెప్పేది. చెంపల మీద మంగు వచ్చిన ఆవిడ ఎండలో గొడుగు వేసుకోదట గానీ, తెల్లబడే క్రీములకు సగం జీతం పోస్తుందట. మొటిమలు గిల్లీ గిల్లీ గుంటలు చేసుకుని, ఆ గుంటలు పూడ్చమని వచ్చిన కుర్రాడు ఒకడు. బొల్లి మచ్చ పెదవి పక్కన వస్తే, అంటుకుంటుందని పిల్లను ఎత్తుకోవడం మానేసిన తల్లి ఒకతె.

“అంటుకోదు కదే?” అన్నాను.

“అంటుకోదు అత్తయ్యా. డాక్టరుగారు నాలుగుసార్లు చెప్పారు. అయినా చేతులు వెనక్కే పెట్టుకుంది.”

“పేనుకొరుకుడో? మా చిన్నప్పుడు మా చెల్లికి తల మీద రూపాయిబిళ్ళంత నున్నగా అయిపోతే, పేను కొరికిందని మా అమ్మ తలంతా గొరిగించేసింది.”

“పేనుకీ దానికీ సంబంధం లేదు. ఒంట్లో మనల్ని కాపాడేదే దారి తప్పి జుట్టు మీద పడుతుందట.”

“మనల్ని కాపాడేదే మన మీద పడటం నాకు తెలియదా, నా కొడుకును చూడటం లేదూ?” అన్నాను. నవ్వింది. ఆ పిల్ల నవ్వితే చప్పుడుండదు, భుజాలు కదులుతాయి అంతే.

అంత జ్ఞానం ఇంట్లో పెట్టుకుని నేను చేసిందేమిటంటే, నడుము చుట్టూ వచ్చిన తామరకు మందుల షాపువాడు ఇచ్చిన ట్యూబు రాసుకోవడం. రాసిన పూటకు దురద మాయం. పది రోజులకు మళ్ళీ, ఇంకో జానెడు దూరం. మా కోడలు ట్యూబు మీద అచ్చు చదివి తల పట్టుకుంది.

“ఇందులో స్టెరాయిడ్ కలిపారు అత్తయ్యా. పైకి దురద అణుగుతుంది, లోపల తామర మేస్తూ పోతుంది. రాసినచోట చర్మం ఉల్లిపొర అయిపోతుంది. నేను మంచి మందు తెస్తాను, రెండు నెలలు విడవకుండా రాయాలి.”

“రెండు నెలలు నువ్వు గోక్కో. నాకు ఇవాళే తగ్గాలి,” అన్నాను.

ఇక ఫోను సంగతి. ఈ ట్యూబు గొడవకు మూడేళ్ళ ముందు నేను స్నానాలగదిలో జారి పడ్డాను. మా కోడలి ఫోను ఆసుపత్రి బీరువాలో ఉంది, లోపలికి తీసుకెళ్ళనివ్వరు. మూడు గంటలు తడి నేల మీద పడి ఉన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల డాక్టరుగారిని బతిమాలి, ఫోను తన జేబులో ఉంచుకునేట్టు ఒప్పించుకుంది. నాకో పద్ధతి నేర్పింది. మామూలు పనికైతే ఒక్కసారి చేసి వదిలేయాలి, ఖాళీ అయ్యాక తనే చేస్తుంది. పడిపోతేనే, ప్రాణం మీదికొస్తేనే, ఒకసారి మోగించి, కట్ చేసి, వెంటనే రెండోసారి మోగించాలి.

“రెండుసార్లు మోగితే చేతిలో ఏమున్నా వదిలేసి వచ్చేస్తాను అత్తయ్యా. ఉత్తినే వాడకండి,” అంది.

“నేనేమన్నా చంటిపిల్లనా?” అన్నాను.

తర్వాతి సంగతులు నాకు తెలిసింది ఏడాది దాటాక. నాకు తెలిసిన వరుసలో కాక జరిగిన వరుసలో చెబుతాను.

ఆసుపత్రికి ఒక పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. చిన్నప్పుడు పొయ్యి మీది నూనె గిన్నె మీద పడి నుదురు, కనుబొమ్మలు, నడినెత్తి కాలిపోయాయి. తల వెనకాల, చెవుల దగ్గర మాత్రం జుట్టు మిగిలింది. ఒక కంపెనీలో ఫోనులో ఫిర్యాదులు వినే ఉద్యోగం. గొంతు బాగుంటుంది. అదే ఆఫీసులో ముందు బల్ల దగ్గర, మనుషులతో ఎదురుగా మాట్లాడే ఉద్యోగం కావాలని ఆ పిల్ల ఆశ. మా కోడలితో ఇలా అందట:

“ఫోనులో నేను నవ్వితే అవతలివాళ్ళకు తెలుస్తుంది అక్కా. ఎదురుగా నవ్వితే తెలియదు. కోపమొచ్చిందా అని అడుగుతారు. కనుబొమ్మలు లేకపోతే ముఖానికి మాట రాదు.”

కనుబొమ్మలకు రెండు వందల నలభై కుదుళ్ళు కావాలన్నాడు డాక్టరు. మిగిలిన కాస్త జుట్టులోంచే తీయాలి. తీశాక ఇంకోసారికి చెవి వెనకాల వేలెడు చోటు తప్ప ఏమీ ఉండదు. తలవెంట్రుక కనుబొమ్మలో నాటినా తలవెంట్రుకలాగే పెరుగుతుంది, వారానికోసారి కత్తిరించుకోవాలి అని ముందే చెప్పారు. ఆ పిల్ల ఆ రోజే వెళ్ళి చిటికెన వేలంత కత్తెర కొనుక్కుని, పెట్టెలో పెట్టి తెచ్చి చూపించింది.

ఆపరేషన్ రోజు పొద్దున కుదుళ్ళన్నీ తీశారు. మా కోడలు గీకి, లెక్కపెట్టి, రెండు వందల నలభైనీ ఒకే పళ్ళెంలోకి చేర్చింది. లోపల డాక్టరు గాట్లు పెడుతున్నాడు. పళ్ళెంలో నీళ్ళ చల్లదనం తగ్గిందని మా కోడలు పాతనీళ్ళు వంపేసింది, చల్లటి సీసా మూత తిప్పబోయింది. నెత్తిన దీపం వేడిగా వెలుగుతోంది.

జేబులో ఫోను కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

నేను పడిపోయాననుకుని పరిగెత్తింది. మెట్ల మీదికొచ్చి ఫోను ఎత్తింది.

నేను పడలేదు. మంచం మీద కూర్చుని ఉన్నాను. నా ట్యూబు కనపడలేదు.

“ఎక్కడ దాచావే నా ట్యూబు?” అన్నాను.

“అత్తయ్యా... మీరు పడలేదా?”

“పడితే బాగుండునని ఉందా నీకు? ముసలిది ఎప్పుడు పడుతుందా, ఎప్పుడు పోతుందా అని చూస్తున్నావా?”

అక్కడి నుంచి ఎత్తుకున్నాను. ట్యూబుతో మొదలుపెట్టి, ఉప్పు తక్కువైన కూరకు వెళ్ళి, వాళ్ళ పుట్టింటికి వెళ్ళి, పిల్లలు పుట్టకపోవడానికి కూడా వెళ్ళాను. అవును, అక్కడికీ వెళ్ళాను. దాచడం దేనికి? మా కోడలు ‘లేదు అత్తయ్యా, లేదు అత్తయ్యా’ అంటూనే ఉంది. పెట్టేయొచ్చు కదా ఫోను! పెట్టేస్తే పెద్దదాన్ని అవమానించినట్టని పెట్టలేదు. ఎనిమిది నిమిషాలు.

తిరిగి వెళ్ళేసరికి పళ్ళెం ఆరిపోయింది. కుదుళ్ళు గాజుకు అతుక్కుని, మెరుపు పోయి ఉన్నాయి. చల్లటి నీళ్ళు పోసింది. తేలాయి. మళ్ళీ మెరిశాయి. చూసేవాళ్ళకు తేడా తెలియదు. ఆమెకు తెలుసు. లోపల ఆ పిల్ల ముఖం మీద గాట్లతో పడుకుని ఉంది. వెనకాల తీయడానికి ఆ వేలెడు చోటు తప్ప ఇంకేమీ లేదు.

“రెడీనా?” అని అడిగాడు డాక్టరు.

“రెడీ సార్,” అంది మా కోడలు.

నాటిన వెంట్రుకలు మొదటి నెలలో రాలిపోతాయి. అది మామూలే. కుదురు లోపల బతికుంటే మూడు నాలుగు నెలలకు కొత్తది మొలుస్తుంది. ఏడాదికి నిండుగా వస్తుంది. అందుకని ఆ పిల్ల నాలుగో నెల వచ్చింది, సంచిలో కత్తెర పెట్టుకుని. ఆరో నెల వచ్చింది, కత్తెరతో. తొమ్మిదో నెల కూడా. ప్రతిసారీ రమ్మని ఫోను చేసేదీ, ఫొటో తీసేదీ మా కోడలే. తీసి ఇంటికొచ్చి అన్నం కలుపుకుని అలాగే కూర్చునేది. నేను ఊరుకుంటానా?

“ఏమిటే, కంచంలో కూడా వెంట్రుకలు లెక్కపెడుతున్నావా?” అనేదాన్ని.

పదకొండో నెలలో అద్దం పెట్టి లెక్కపెట్టింది. ఎడమవైపు తొమ్మిది, కుడివైపు పద్నాలుగు. రెండు వందల నలభైకి ఇరవై మూడు. డాక్టరుగారు ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పాడట, “కాలిన చర్మమమ్మా, రక్తం సరిగ్గా అందదు. మీ చర్మం పట్టుకోలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించి ఉన్నది కూడా పోగొట్టుకోకండి.” ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసింది అంతే.

ఆ పిల్ల తలూపిందట. “నా చర్మమే అంత సార్,” అందట.

ఆ మాట మా కోడలు తట్టుకోలేకపోయింది. ఉద్యోగం పోతుందనే భయంతో పదకొండు నెలలు కడుపులో పెట్టుకున్నది, ఆ ఒక్క మాటకు బయటపడింది.

“నీ చర్మం మంచిదేనమ్మా. నేనే పళ్ళెం ఆరబెట్టేశాను. చచ్చినవాటిని నాటాం,” అంది అక్కడే, ఇద్దరి ముందూ నిలబడి.

డాక్టరు కుర్చీలోంచి లేచాడట. “ఎందుకు వదిలేశావు? ఎక్కడికి పోయావు?”

“తలనొప్పి వస్తే బయటికెళ్ళాను సార్. మర్చిపోయాను.”

ఆ పిల్ల లేచి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మిగిలిన వేలెడు చోటులోంచి తీసి, ఊరికే మళ్ళీ చేస్తానని డాక్టరు కబురు పెట్టినా రాలేదు. మా కోడల్ని ఆ సాయంత్రమే పంపేశాడు. ఆయన్ని తప్పుపట్టను. వేరే ఆసుపత్రులవాళ్ళూ విన్నారు, ఎవరూ పెట్టుకోలేదు. ఇంట్లో కూర్చుని మళ్ళీ కాజాలు కుట్టడం మొదలుపెట్టింది.

నాకేం చెప్పింది? “మానేశాను అత్తయ్యా, కళ్ళు లాగుతున్నాయి,” అంది. నేను నమ్మాను. పైగా, ‘లక్షణమైన ఉద్యోగం కాలదన్నుకుంది’ అని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను.

నెల తర్వాత ఆసుపత్రిలో తుడిచే అమ్మాయి, మా కోడలు వదిలేసి వచ్చిన చెప్పులు, చిన్న అద్దం సంచిలో వేసుకుని ఇచ్చిపోదామని వచ్చింది. మా కోడలు బజారుకెళ్ళింది. ఆ అమ్మాయికి టీ ఇచ్చి, ఊరుకోలేక అడిగాను. అంతా చెప్పింది. చెప్పి, గొంతు తగ్గించి అంది:

“తలనొప్పి కాదు పెద్దమ్మా. ఆ రోజు అక్క ఫోను పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తడం నేను చూశాను. ‘లేదు అత్తయ్యా, లేదు అత్తయ్యా’ అంటూ ఏడుస్తోంది. మీకేమైందో అనుకున్నాను. మీరు బాగానే ఉన్నారు కదా అప్పుడు?”

నేను బాగానే ఉన్నాను. అదే కదా.

కోడలు బజారు నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. సంచి కిందపెట్టకముందే అడిగాను, “నా పేరు ఎందుకు చెప్పలేదే?”

చెప్పులు, అద్దం చూసింది. అర్థమైంది.

“చెప్పి ఏం చేయాలి అత్తయ్యా? ఫోను చేసింది మీరు. నీళ్ళు వంపింది నేను. ‘రెడీ’ అన్నది కూడా నేనే.”

“నన్ను ఒక్కసారి తిట్టవే.”

“నాకు రాదు అత్తయ్యా,” అని కూరగాయలు తీసి బుట్టలో సర్దుకుంది.

మర్నాడు ఆ తుడిచే అమ్మాయిని పట్టుకుని, ఆ కనుబొమ్మల పిల్ల ఇల్లు తెలుసుకుని వెళ్ళాను. మూడో అంతస్తు. మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కాను. తలుపు ఆ పిల్లే తీసింది. తలకు గుడ్డ కట్టుకుంది. ముఖం నున్నగా, నుదురు బిగదీసినట్టుగా ఉంది. చూపు మాత్రం సూటిగా ఉంది.

“ఎవరు కావాలండీ?” అంది. నిజమే, చాలా మంచి గొంతు.

“నేను అద్దాలక్క అత్తగారిని. ఆమెకు ఆ రోజు తలనొప్పి రాలేదమ్మా. నేను ఫోను చేశాను,” అన్నాను. రెండుసార్లు మోగించే పద్ధతి ఏమిటో చెప్పాను. పడలేదని చెప్పాను. ట్యూబు సంగతి, ఎనిమిది నిమిషాల సంగతి చెప్పాను.

“దేనికి రాసుకునే ట్యూబు?”

“తామరకు.”

“ఎనిమిది నిమిషాలూ దాని గురించేనా?”

“దాని గురించి ఒక నిమిషం. మిగతా ఏడూ తిట్లు.”

ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను వచ్చిన పని చెప్పాను. “నీ చర్మానిది తప్పు కాదు తల్లీ. మళ్ళీ నాటితే పట్టుకుంటుంది. మా కోడల్ని కూర్చోబెట్టమని నేనే డాక్టరు కాళ్ళు పట్టుకుంటాను. ఈసారి ఆమె కన్నార్పదు.”

“చెవి వెనకాల మిగిలింది ఇంతే అమ్మమ్మా,” అని వేలు చూపించింది. “దీన్ని మళ్ళీ ఎవరి చేతిలో పెట్టను?”

ఆ అడగడం కోపంతోనా, వెటకారంగానా, ఏడుపుతోనా? అరవై తొమ్మిదేళ్ళు మనుషుల ముఖాలు చదివి మాటలు విసిరినదాన్ని. ఆ ముఖం ముందు నాకు ఒక్క అక్షరం తెలియలేదు. నేనే లేకుండా చేసినదాన్ని నేనే వెతుక్కుంటూ నిలబడ్డాను.

“జాగ్రత్తగా దిగండి, మెట్లు ఎత్తు ఎక్కువ,” అంది. తలుపు వేసుకుంది.

ఇంట్లో చెప్పలేదు. పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా కోడలు కిటికీ దగ్గర కాజా కుడుతోంది. నేను ఎదురుగా చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఫోను మోగింది. ఆగింది. వెంటనే మళ్ళీ మోగింది.

మా కోడలు సూది వదిలేసి లేచి నా వంక చూసింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, చేతిలో చిక్కుడుకాయతో. ఇంకెవరికి తెలుసు ఆ పద్ధతి? ఫోను ఎత్తింది. కంగారులో ఏ మీట నొక్కిందో, మాట బయటికి వినపడింది.

“అక్కా, నేను,” అంది ఆ గొంతు. “మీ అత్తయ్యగారు వచ్చారు మొన్న. అన్నీ చెప్పారు.”

మా కోడలు ఫోను ముందు పెట్టుకుని నేల మీద కూర్చుంది.

“మళ్ళీ చేయించుకోను అక్కా. ఆలోచించాను. ఆ బల్ల మీద ఇంకోసారి పడుకోలేను. ముందు బల్ల ఉద్యోగం వేరేవాళ్ళకు ఇచ్చేశారు కూడా. అది చెప్పడానికి చేయలేదు. కుడివైపు ఒకటి పొడుగైంది. కంట్లో పడుతోంది. ఎంత కత్తిరించాలి?”

ఫోనులో తెలుస్తుందని ఆ పిల్ల అన్నది నిజం. ఏడుస్తోంది. ఏడుస్తూ, ఆ వెంట్రుక కంట్లో పడుతున్నందుకు కాస్త నవ్వుతోంది కూడా.

“నేను వస్తానమ్మా. కదపకు. ఇప్పుడే వస్తాను,” అంది మా కోడలు.

“వద్దక్కా. రావద్దు. ఇక్కడి నుంచే చెప్పండి.”

మా కోడలు కళ్ళు మూసుకుంది. చేతులు ఒళ్ళో ముడుచుకుంది, ఆ చేతులు. “అద్దం దగ్గరికి జరుగు. దువ్వెనతో బయటివైపుకు దువ్వు. పక్కదానికి సమంగా పట్టుకో. లాగకు. కుదురు కదలకూడదు. కొసన, గోరు మందం. అంతే.”

“ఇంతేనా?”

“అంతేనమ్మా.”

నేను చిక్కుళ్ళు ఒలవడం ఆపేశాను. ఫోనులోంచి కత్తెర చప్పుడు వినిపించింది, ఒక్కసారి.